మసిగాడి ముక్కు

కాశీబుగ్గ గాలికి ఒకటే వాసన,
జీడి కాలిన వాసన.
పలాసలో రైలు దిగినవాళ్ళు ముక్కు మూసుకుంటారు.
నాకు అదీ తెలీదు.
పద్నాలుగేళ్ళు బట్టీ ముందు నిలబడ్డాక
నా ముక్కు పని మానేసింది.
కూర మాడినా, మట్టి మీద తొలి చినుకు పడినా
ఎవరో ఒకరు చెప్పాలి నాకు.

అలాంటి నేను
వాసన నేర్పడానికి కూర్చున్నాను,
కుక్కకి.

మా డిల్లేశ్వరికి ఎనిమిదేళ్ళు.
"సిన్నగుంటకి సుగరేటి బావూ!"
వీధి వీధంతా ఓసారి వచ్చి ఆశ్చర్యపోయి వెళ్ళింది.
తడి ఇసకలో కుండ, కుండలో మందు సీసా,
పూటపూటకీ సూది,
ఏ వేలు గుచ్చాలో అదే చూపిస్తుంది, "నిన్న ఇది, ఇయ్యాల ఇది" అని.
పగలు ఎలాగో గడుస్తుంది.
రాత్రి సుగరు పడిపోతే
పిల్ల నిద్రపోతోందో
నిద్ర కిందికి జారిపోతోందో
చూస్తే తెలీదు.

మసిగాణ్ణి మేం కొనలేదు.
బట్టీ బూడిదలో వెచ్చగా పడుకునేవాడు,
ఓ రోజు షిఫ్టు దిగి నాతో ఇంటికొచ్చేశాడు.
మందసలో వైకుంఠరావు గారని,
మిలటరీలో కుక్కల్ని తిప్పిన మనిషి,
గుప్పిట్లో బిస్కెట్టు దాచి వీడితో కాసేపు ఆడి,
"కుక్కకి నేర్పడమేటి? ఆడికి తెలుసు.
మనకి సెప్పడం నేర్పాలంతే" అన్నారు.

అప్పట్నుంచీ
సుగరు పడ్డప్పుడల్లా
ఒక చేత్తో గ్లూకోజు నీళ్ళు తాగిస్తూ
ఇంకో చేత్తో మెడ మీది చెమట దూదికి అద్ది
మాత్రల డబ్బాలో బిగించి, పైన అంకె.
58.
61.
49 అని రాసింది మాత్రం నా రాతలా లేదు.

కూల్‌డ్రింకుల తవిటినాయుడు
ఫ్రీజర్లో పాలైసుల కింద చోటిచ్చాడు.
"ఏటుంది ఇందల?"
"మా పిల్ల చెమట."
ఆ రోజు నుంచీ ఆ మూల ఐసులు
అతనే తీసిచ్చేవాడు, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకుండా.

గచ్చు మీద మూడు డబ్బాలు.
సరైనదాని ముందు కూర్చుంటే ఒక ఎండు నెత్తల్లు.
మొదటి వారం మూడింటి ముందూ కూర్చున్నాడు.
రెండో వారం నా జేబు ముందు కూర్చున్నాడు,
చేప ఉన్నది అక్కడే కదా!
డిల్లి పడీ పడీ నవ్వింది.
వాళ్ళమ్మ మాత్రం మీటరు తెచ్చింది,
అంత నవ్వితే ఎంత తగ్గిందో అని.

మూడో నెలలో ఓ సాయంత్రం
పిల్ల ఏడో ఎక్కం రాసుకుంటోంది.
డబ్బాల్లేవు, చేపల్లేవు.
వాడొచ్చి దాని మోకాలి మీద కాలు వేశాడు.
గుచ్చి చూశాం. నూట నాలుగు.
"పోరా" అన్నాను.
గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చాడు. మళ్ళీ కాలు.
తోసేశాను.
ఈసారి గౌను అంచు పళ్ళతో పట్టుకుని వదల్లేదు.
ఏడారులు దగ్గర పెన్సిలు ఆగి ఉంది.
అరవై మూడు.

అన్నిసార్లూ ఇలాగే అనుకోకండి.
కార్తీకంలో ఓ రాత్రి వాడూ నిద్రపోయాడు,
అలారమే లేపింది.
అందుకే అలారం ఇప్పటికీ పెడతాం.
వాడికి అన్నమూ పెడతాం.

నిన్న నిద్ర పట్టక
ఆ 49 డబ్బా తెచ్చి మూత తీసి
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఏమీ లేదు. తడి దూది.
నా బిడ్డ అంత దూరం వెళ్ళొచ్చిన దారిలో
నాకు ఒక్క అడుగు జాడ కూడా దొరకలేదు.

మసిగాడు లేచాడు.
డబ్బా ముందు కూర్చున్నాడు, నేర్పినట్టే.
మరుక్షణం లేచి లోపలికి పోయాడు.
మంచం పక్కన నిలబడి
దాని అరచేయి, ఊపిరి, మెడ
ఒక్కొక్కటీ వాసన చూసి
తిరిగొచ్చి నాకేసి చూశాడు.

నా జేబులో ఏమీ లేదు.
వాడూ అడగలేదు.